తెల్లారేదాకా ఆగని పనులు

ఆశ్రమ పాఠశాలలో పగలు చదువు చెప్పడానికి టీచర్లు ఉంటారు. రాత్రి సంగతి వేరు. సాయంత్రం బస్సుకు చాలామంది చర్లకో భద్రాచలానికో వెళ్ళిపోతారు. భోజనాలై, స్టడీ అవర్స్ ముగిసి, లైట్లు ఆర్పే వేళకు నాలుగు వందల మంది పిల్లలకు మిగిలేది వార్డెనూ, వాచ్‌మనూ, తెల్లవారుజామునే పొయ్యి వెలిగించాలి గనక అక్కడే పడుకునే ఒకరిద్దరు వంటవాళ్ళూ. గిరిజన సంక్షేమ శాఖలో టీచరుగా చేరి, వార్డెన్ బాధ్యత కూడా చూసుకుంటూ నా సర్వీసులో ఎక్కువ భాగం చర్ల మండలంలోనే గడిపాను. జ్వరం పెరిగినా, పాము కరిచినా, ట్యాంకులో నీళ్ళు అయిపోయినా మొదట తెలిసేది పక్క దుప్పట్లో పడుకున్న పిల్లాడికి. ఆ కబురు నా దాకా రావడానికి పట్టే సమయంలోనే సగం మంచీ చెడూ తేలిపోతుంది. కాబట్టి ఆ పిల్లాడికి ఏం చేయాలో తెలిసి ఉండాలి. చేయడానికి అధికారం ఉండాలి. చేసినదాన్ని మర్నాడు అందరి ముందు నిలబడి చెప్పే అలవాటు ఉండాలి. విద్యార్థి కమిటీని నడిపినన్నాళ్ళూ నేను పట్టుకున్నది ఈ మూడింటినే.

చర్ల భద్రాచలానికి ఎగువన, గోదావరికి ఎడమ వైపున ఉంది. దుమ్ముగూడెం దాటి వెళ్ళాలి. ఇటు గోదావరి, అటు ఛత్తీస్‌గఢ్ అడవి. ఒకప్పుడు తూర్పు గోదావరిలో ఉన్న భద్రాచలం ప్రాంతం 1959లో ఖమ్మం జిల్లాలో కలిసింది. 2016 అక్టోబరు నుంచి చర్ల భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో ఉంది. ఎన్ని జిల్లాలు మారినా పెద్ద ఆసుపత్రికి పోవాలంటే భద్రాచలమే, పెద్ద ఆఫీసరును కలవాలంటే భద్రాచలంలోని గిరిజనాభివృద్ధి సంస్థ ఐటీడీఏనే. మా పిల్లల్లో ఎక్కువమంది కోయలు. 2005 తర్వాత బస్తర్ వైపు నుంచి అడవి దాటి వచ్చి ఇక్కడ గుడిసెలు వేసుకున్న కుటుంబాల పిల్లలు కూడా ఉంటారు. వాళ్ళను ఇక్కడ గుత్తికోయలంటారు. బడిలో చేరేనాటికి వాళ్ళలో కొందరికి తెలుగు రాదు. వానాకాలంలో వాగులు పొంగితే ఒక్కో గూడెం ఒక్కో దీవి అవుతుంది. ఇలాంటి చోట అత్యవసరం అనేది ఎప్పుడో వచ్చే చుట్టం కాదు. జూన్ నుంచి అక్టోబరు దాకా మాతోనే కాపురముంటుంది.

గోడ మీది పేర్లు

విద్యార్థి కమిటీలు కొత్తవేమీ కావు. చాలా బడుల్లో గోడ మీద రంగులతో రాసి ఉంటాయి: ప్రధానమంత్రి, విద్యా మంత్రి, ఆరోగ్య మంత్రి, ఆహార మంత్రి, ఎదురుగా పిల్లల పేర్లు. తనిఖీకి వచ్చిన అధికారి ఆ పేర్లు చదువుతారు, ఆ పిల్లల్ని పిలిచి రెండు ప్రశ్నలు వేస్తారు, మెచ్చుకుంటారు. ఆ పిల్లలకు రాత్రి రెండు గంటలకు వార్డెన్ గది తలుపు కొట్టే ధైర్యం ఉందా అని ఎవరూ అడగరు. పిల్లలకు సంబంధించిన విషయాల్లో పిల్లల మాట వినాలని 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక పన్నెండో అధికరణలో ఉంది. మన దేశం 1992లో దానికి ఒప్పుకుంది. ఆ మాట గోడ మీద నుంచి డార్మిటరీలోకి రావాలంటే వార్డెన్ పూనుకోవాలి.

మా దగ్గర కమిటీ ఎన్నిక జూలైలో జరిగేది. తరగతికి ఇద్దరు, రహస్య ఓటు. చిన్న తరగతుల పిల్లలు పేరు రాయలేకపోతే పువ్వు, ఆకు, చేప లాంటి గుర్తు వేసేవాళ్ళు. ఆరోగ్యం, భోజనం, నీళ్ళు, చదువు అని పనులు పంచుకునేవాళ్ళు. వీటికి తోడు రెండు స్థానాలు మేము ప్రత్యేకంగా ఉంచాం. ఒకటి మూడు, నాలుగు తరగతుల చిన్నవాళ్ళకు. రెండోది తెలుగు సరిగా రాని పిల్లల తరఫున మాట్లాడేవాడికి. కడుపులో ఎక్కడ నొప్పో, ఎప్పటినుంచో, తెలుగు రాని పిల్లాడు నాకు చెప్పలేడు. వాడి భాషలో అడిగేవాడు పక్కన ఉంటే ఆసుపత్రిలో డాక్టరుకు పని తేలికవుతుంది. ఈ రెండో స్థానం వల్ల మేలు పొందిన పిల్లలు చాలామంది.

ఎన్నికైన వారంలోనే ఒక ఆదివారం అందరం వరండాలో కూర్చునేవాళ్ళం. గోడకు మూడు చార్టులు అంటించేవాళ్ళం. మొదటిది ఎవరినీ అడక్కుండా వెంటనే చేయాల్సినవి. రెండోది పెద్దవాళ్ళను నిద్రలేపి చేయాల్సినవి. మూడోది అందరూ కూర్చుని మాట్లాడుకున్నాకే చేయాల్సినవి. పిల్లలు ఒక్కో కష్టాన్ని చెబుతుంటే దాన్ని ఏ చార్టులో రాయాలో వాళ్ళే తేల్చేవాళ్ళు. మొదట్లో అంతా రెండో చార్టులోకే పోయేది. వార్డెన్ సారు చూసుకుంటారు అనేది వాళ్ళ ధీమా. ఒక ఏడాది ఏడో తరగతి పిల్లాడు లేచి అడిగాడు: "సార్, మీరు భద్రాచలం మీటింగుకు పోయిన రోజు ఏం చేయాలె?"

ఆ ప్రశ్నకు జవాబుగానే ఒక వరస తయారైంది. వార్డెన్ లేకపోతే ఇన్‌ఛార్జి టీచరు, ఆయన లేకపోతే వాచ్‌మన్, తర్వాత ఊళ్ళో ఉండే ఏఎన్ఎం, ఆ తర్వాత 108. ఎవరి ఫోన్ నంబరు ఏదో, ఆవరణలో ఎక్కడ నిలబడితే సిగ్నల్ అందుతుందో కూడా చార్టులో రాశారు. ఒకరు దొరక్కపోతే ఎదురుచూడకుండా రెండోవాళ్ళ దగ్గరికి పోవాలి. ఈ వరస తెలిసిన పిల్లాడికి చీకట్లో తడబాటు ఉండదు.

ఈ పద్ధతిని పిల్లలు ఇంత తొందరగా పట్టుకోవడానికి ఇంకో కారణం ఉంది. కోయ గూడెంలో పెద్దమనుషులు ఒక తగవు తేల్చాలంటే ఊరంతా కూర్చుంటుంది. ఆడవాళ్ళూ మగవాళ్ళూ మాట్లాడతారు, పిల్లలు చుట్టూ చేరి వింటారు. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో గ్రామసభకు పట్టం కట్టిన 1996 నాటి పెసా చట్టం ఆదివాసుల సంప్రదాయ పద్ధతుల్లో తగవులు తీర్చుకునే హక్కును గుర్తించింది. మా పిల్లలకు సభ అంటే భయం లేదు. వాళ్ళ ఇళ్ళలో ఉన్న అలవాటుకే బడిలో చోటిచ్చాం.

కడుపునొప్పి అన్నాడు

జూలై రాత్రి, వాన వెలిసింది. తెల్లవారుజామున మూడు దాటాక నా తలుపు కొట్టింది ఎనిమిదో తరగతి డార్మిటరీ లీడరు. "సార్, ఆరో తరగతోడు కడుపునొప్పంటుండు. కండ్లు తెరువలేకపోతుండు" అన్నాడు. కడుపునొప్పి అని మాత్రమే చెప్పి ఉంటే ఎవరైనా రాత్రి తిన్న తిండి మీదికి నెట్టేస్తారు. రెండో మాటకు నేను చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తాను.

మా వైపు నేల మీద పడుకునేవాళ్ళకు కట్లపాము వల్ల ఎక్కువ ప్రమాదం. అది రాత్రిపూట తిరుగుతుంది. దాని కాటు చాలాసార్లు చీమ కుట్టినంత కూడా అనిపించదు, కాటు గుర్తు కూడా కనపడకపోవచ్చు. గంటల తర్వాత కడుపునొప్పి, తర్వాత కనురెప్పలు వాలిపోవడం, మాట ముద్దగా రావడం, చివరికి ఊపిరి అందకపోవడం. ఈ వరస కమిటీలోని ఆరోగ్య సభ్యులందరికీ కంఠతా వచ్చు. వానాకాలంలో నిద్రలోంచి కడుపునొప్పితో లేచిన పిల్లాడి కళ్ళు చూడాలి, రెప్పలు వాలుతుంటే తెల్లారేదాకా ఆగకూడదు అన్నది మొదటి చార్టులో పై వరసలోనే ఉండేది.

నేను వెళ్ళేసరికి పిల్లాడిని పక్కకు తిప్పి పడుకోబెట్టి, కదలనీయకుండా ఒకడు తల పట్టుకుని ఉన్నాడు. ఎవరూ తాడు కట్టలేదు, బ్లేడుతో కోయలేదు, పసరు పోయలేదు. మరొకడు టార్చి పట్టుకుని మిగతా పిల్లలందరినీ వరండాలోకి తెచ్చి వరసగా కూర్చోబెట్టి లెక్కపెడుతున్నాడు. వాచ్‌మన్ అప్పటికే 108కు ఫోన్ చేస్తున్నాడు. చర్ల ఆసుపత్రిలో పాము విషానికి విరుగుడు మందు ఎక్కించి, ఊపిరి ఇబ్బంది రావచ్చని భద్రాచలం ఏరియా ఆసుపత్రికి పంపారు. పిల్లాడు బతికాడు. ఇప్పుడు అతనికి సొంత పిల్లలు.

ఆ మర్నాడు జరిగిన సభను నేను ఇంకా ఎక్కువగా గుర్తుపెట్టుకున్నాను. ప్రార్థన కాగానే డార్మిటరీ లీడరు ముందుకొచ్చి జరిగినదంతా చెప్పాడు. ఎవరిని ఎప్పుడు లేపాడో, ఏం చేశాడో, ఎందుకు చేశాడో. అత్యవసరంగా ఒకరిద్దరు తీసుకున్న నిర్ణయం ఇరవై నాలుగు గంటల్లోపు అందరి ముందుకూ రావాలన్నది మా నియమం. ఐదో తరగతి పిల్లాడు అడిగాడు: "పాము మీ గదిలో ఉందని మాకెందుకు చెప్పలేదు? మా గది పక్కనే గదా?" నిజమే. పక్క గదుల వాళ్ళను లేపాలన్న మాట చార్టులో లేదు. ఆ పొద్దుటే చేర్చారు. పడుకునే ముందు దుప్పట్లు దులపడం, గోడ పక్క పొదలు కొట్టేయడం, తలుపు కింద సందుకు గోనెసంచి అడ్డం పెట్టడం కూడా అప్పుడే నిర్ణయమైంది. మంచాల కోసం రాసిన అర్జీ మీద కమిటీ సభ్యులు సంతకాలు చేశారు.

రాత్రి చేసినవాడిని మర్నాడు అందరూ ప్రశ్నించగలిగితేనే ఆ అధికారం వాడి చేతిలో చెడిపోకుండా ఉంటుంది. లేకపోతే లీడరు చిన్న పోలీసవుతాడు, మిగతా పిల్లలు వాడికి భయపడతారు. భయపడ్డ పిల్లలు కడుపునొప్పి కూడా చెప్పరు.

ముగ్గురికి జ్వరమొస్తే

జ్వరాలకు మేము పెట్టుకున్న నియమం ఇంకా చిన్నది. ఒకే గదిలో రెండు రోజుల్లో ముగ్గురికి జ్వరం వస్తే ఎవరినీ అడిగే పని లేదు, ఆరోగ్య సభ్యుడు ఏఎన్ఎంకు కబురు పంపేయాలి. అతని దగ్గర ఒక నోటు పుస్తకం ఉండేది. రోజూ సాయంత్రం గదిగదికీ తిరిగి, ఎవరికి ఒళ్ళు వేడిగా ఉందో, ఎవరు అన్నం వదిలేశారో రాసుకునేవాడు. భద్రాచలం ఏజెన్సీలో మలేరియా పాత శత్రువు. అందులో ఫాల్సిపేరం రకం మెదడుకు ఎక్కితే ప్రాణం మీదికొస్తుంది. వేలి చివర రక్తపు చుక్కతో పావుగంటలో తేల్చే కిట్లు ఏఎన్ఎంల దగ్గరికి వచ్చాక, తొందరగా కబురు చేయడమే పెద్ద మందయింది.

మూడు అనే అంకె ఎందుకంటే, అంకె ఉంటే వాదన ఉండదు. "జ్వరాలు ఎక్కువైతే చెప్పండి" అంటే ఎక్కువ అంటే ఎంతో పిల్లలకు తెలియదు. అనవసరంగా చెప్పానని తిడతారేమో అని వెనకాడతారు. మూడు అని రాసి ఉంటే మూడో పిల్లాడికి ఒళ్ళు కాలగానే కబురు బయల్దేరుతుంది. ఆ కబురు వల్ల వచ్చి చూస్తే మామూలు జలుబే అయిన రోజులూ ఉన్నాయి. అలాంటప్పుడు ఆ పిల్లాడిని ఒక్క మాట అనకూడదని సిబ్బందికి ముందే చెప్పి ఉంచాను. ఒకసారి కసిరితే రెండోసారి ఎవరూ తలుపు కొట్టరు.

ఏ వాగు ఎప్పుడు పొంగుతుందో

2022 జూలై వానలు ఇక్కడివాళ్ళెవరూ మరిచిపోరు. 11వ తేదీ నుంచి రాష్ట్రమంతా బడులకు సెలవులిచ్చారు, తర్వాత 16 దాకా పొడిగించారు. ఛత్తీస్‌గఢ్‌లో పుట్టి వచ్చే తాలిపేరు పొంగింది. మా మండలంలో పెదమిడిసిలేరు దగ్గరున్న తాలిపేరు ప్రాజెక్టుకు 25 గేట్లు. అవి లేచాయంటే దిగువ ఊళ్ళన్నీ గోదావరి వైపు చూస్తాయి. భద్రాచలం దగ్గర 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది ఇస్తారు. ఆ నెల 16న గోదావరి 71 అడుగులు దాటింది. దానికంటే పెద్ద వరద 1986 ఆగస్టులో 75.6 అడుగులతో వచ్చింది.

సెలవులు ప్రకటించగానే హాస్టల్ ఖాళీ చేయించడం తేలికైన పని. పిల్లలు కూడా సంచులు సర్దుకుని గేటు దగ్గరికి వచ్చేస్తారు. ప్రమాదం అక్కడే ఉంది. ఇల్లు చేరేలోపు వాగులు దాటాలి. కమిటీని కూర్చోబెట్టి ఊళ్ళ పేర్లు రాయించాం. ఏ గూడేనికి పోవాలంటే ఏ వాగు దాటాలి, దాని మీద చప్టా ఉందా, ఎగువన వాన పడితే ఎంతసేపటికి నీళ్ళొస్తాయి, ఇవన్నీ పిల్లలు గబగబా చెప్పారు. ఈ వివరాలు నా దగ్గర లేవు, ఏ ఆఫీసు రిజిస్టరులోనూ ఉండవు. ఏటా ఆ వాగుల్లో చేపలు పట్టే పిల్లలకు అవి తెలుసు.

ఆ పట్టీని బట్టి మూడు జట్లు చేశాం. రోడ్డు మీద ఊళ్ళవాళ్ళు తల్లో తండ్రో వచ్చి సంతకం పెడితే వెళ్ళొచ్చు. ఒక వాగు దాటాల్సినవాళ్ళు పెద్దవాళ్ళు వచ్చినా చప్టా మీద నీళ్ళు లేవని తెలిశాకే కదలాలి. అవతలి గూడేల పిల్లలు హాస్టల్లోనే ఉండాలి. మూడో జట్టు పిల్లలు ఏడ్చారు. వాళ్ళను సముదాయించింది కూడా కమిటీ పిల్లలే. రోడ్డు మీద ఊరున్న తొమ్మిదో తరగతి కుర్రాడు ఒకడు, వాళ్ళ నాన్న వచ్చి పిలిచినా, చిన్నవాళ్ళకు తోడుగా ఉంటానని ఆగిపోయాడు. వంటకు సరుకులు ఎన్ని రోజులకు సరిపోతాయో భోజన సభ్యులు లెక్క వేసి చెప్పారు. పప్పు పలచన చేసుకుందామని వాళ్ళే అన్నారు. ఆ వారమంతా పిల్లల క్షేమం గురించి నాకు బెంగ లేదని అనను గానీ, ఎవరెక్కడున్నారో తెలియని భయం మాత్రం లేదు.

వడ్డించకుండా ఆపే హక్కు

అన్నిటికంటే కష్టమైంది భోజనం. పాముకాటు విషయంలో అందరూ ఒక వైపే ఉంటారు. కూర పాడైందని పిల్లలు అంటే వంటవాళ్ళకు కోపం, సరుకు ఇచ్చినవాళ్ళకు నష్టం, వార్డెన్‌కు సంజాయిషీ. అందుకే అక్కడ నియమం గట్టిగా ఉండాలి. వడ్డనకు అరగంట ముందు ఇద్దరు రుచి చూడాలి, ఒకరు సిబ్బంది, ఒకరు భోజన సభ్యుడు. ఇద్దరిలో ఎవరు వద్దన్నా వడ్డన ఆగాలి. కారణం తర్వాత తేల్చుకోవచ్చు. ఆ పూటకు ప్రత్యామ్నాయంగా అటుకులు, బెల్లం, కోడిగుడ్లు ఎప్పుడూ స్టోరులో విడిగా ఉండాలి. ఈ చివరిది లేకపోతే మొదటి రెండూ పనిచేయవు. ఆకలితో ఉన్న నాలుగు వందల మంది ముందు ఏ పిల్లాడూ "వద్దు" అనలేడు.

ఒక సాయంత్రం భోజన సభ్యుడు వంకాయ కూర ముద్ద నోట్లో పెట్టుకుని వద్దన్నాడు. నూనె వాసన తేడాగా ఉందన్నాడు. వంటామె బాధపడింది. "నా పిల్లలకు పెట్టనా ఇది?" అంది. ఆమె తప్పు కాదు, వచ్చిన నూనె డబ్బాలే అలాంటివి. ఆ రాత్రి పిల్లలు అటుకులూ గుడ్లూ తిన్నారు. మర్నాడు పెద్ద తరగతుల పిల్లలు కొందరు సరుకులు మారేదాకా రోడ్డు మీద కూర్చుందామన్నారు. మూడో చార్టు పని అది, అందరూ కూర్చుని తేల్చాల్సింది. సభ చాలాసేపు సాగింది. చివరికి కమిటీ ఒక ఉత్తరం రాసింది. డబ్బాల మీది బ్యాచి నంబర్లు, తేదీలు, రుచి చూసినవాళ్ళ పేర్లు అందులో ఉన్నాయి. మూడు రోజుల్లో జవాబు కావాలని గడువు పెట్టారు. నేను దాని కింద నా సంతకం పెట్టి పైకి పంపాను. గడువులోపే సరుకు మారింది.

జవాబు రాకపోయి ఉంటే పిల్లలు రోడ్డెక్కేవాళ్ళే. తెలంగాణలో హాస్టల్ పిల్లలు కలెక్టరాఫీసుకు నడిచి వెళ్ళిన వార్తలు మనం తరచూ చదువుతాం. అలా నడిచే పిల్లలను క్రమశిక్షణ లేనివాళ్ళంటారు. నా అనుభవంలో పిల్లలు రోడ్డు దాకా వచ్చారంటే అంతకు ముందు వాళ్ళు చెప్పినవి ఎవరూ వినలేదనే అర్థం.

బాసర పాఠం

ఇదే సంగతిని వేల మంది విద్యార్థులు పెద్ద ఎత్తున చూపించారు. 2008లో మొదలైన బాసర ట్రిపుల్ ఐటీ (ఆర్జీయూకేటీ) ప్రాంగణంలో 2022 జూన్ 14న విద్యార్థులు ప్రధాన ద్వారం దగ్గర బైఠాయించారు. ముందుండి నడిపింది స్టూడెంట్ గవర్నింగ్ కౌన్సిల్. శాశ్వత వైస్ ఛాన్సలర్ నియామకం మొదలుకుని వసతుల దాకా 12 డిమాండ్లు. ఎండలోనూ వానలోనూ గొడుగుల కింద కూర్చున్నారు. వారం పాటు సాగాక 20వ తేదీ రాత్రి విద్యాశాఖ మంత్రి సబితా ఇంద్రారెడ్డి ప్రాంగణానికి వచ్చి కౌన్సిల్ ప్రతినిధులతో మాట్లాడారు, ఆందోళన ముగిసింది. పల్లెల్లో ప్రభుత్వ బడుల్లో పది చదివి అక్కడ సీటు తెచ్చుకున్న పిల్లలే వాళ్ళలో ఎక్కువమంది. మా వైపు పిల్లలకు కూడా ఆ బడి పెద్ద ఆశ. ఆ వారం పేపర్లను మా పదో తరగతి పిల్లలు ఒక్కటి వదలకుండా చదివారు.

వాళ్ళతో కూర్చుని నేను మాట్లాడింది రెండు విషయాలు. ఒకటి, డిమాండ్లు లెక్కపెట్టి రాసి ఉండడం. పన్నెండు అని రాసి ఉన్నప్పుడు ఏది తీరింది, ఏది మిగిలింది అని ఎవరైనా అడగొచ్చు. రెండోది, ఆందోళన ముగిసినంత మాత్రాన పని ముగియదన్నది. నెల తిరక్కుండానే, జూలై 15న, అదే ప్రాంగణంలో మెస్‌లో తిన్న విద్యార్థులు వందల్లో అస్వస్థులయ్యారు. ఒప్పుకున్న పనుల్ని వారం వారం అడిగే పని విద్యార్థి సంఘానికి అసలు పని. గేటు దగ్గర కూర్చోవడానికి ధైర్యం చాలు. ప్రతి సోమవారం వెళ్ళి అడగడానికి ఓపిక కావాలి. ఆ ఓపికను హాస్టల్ వయసులోనే అలవాటు చేయాలి.

2024 నవంబరులో తెలంగాణలో కొన్ని బడుల్లో, హాస్టళ్ళలో తిండి వికటించిన సంఘటనల తర్వాత ప్రభుత్వం ఆహార భద్రతా కమిటీలు వేయమంది. ఆ డిసెంబరు 14న హాస్టళ్ళన్నిటికీ ఒకే మెనూ తెచ్చి, డైట్ ఛార్జీలు 40 శాతం పెంచింది. ఈ రెండూ కావాల్సినవే. రుచి చూసేవాళ్ళలో పిల్లాడికీ ఓటు ఉండాలని నా కోరిక. రోజూ ఆ కంచంలో తినేది వాడే.

కమిటీకి రాకూడనివి

అత్యవసరమైనవన్నీ పిల్లల కమిటీకి పోకూడదు. ఈ విషయంలో బాలికల ఆశ్రమ పాఠశాలలో పనిచేసిన మా సహోద్యోగి మేడమ్ దగ్గర నేను నేర్చుకున్నాను. ఎవరైనా ఒంటి మీద చెయ్యి వేశారని ఒక పిల్ల చెబితే అది సభలో మాట వరసకు కూడా రాకూడదు. కమిటీలో ఎవరూ విచారించకూడదు, వివరాలు అడగకూడదు. "నువ్వు చెప్పింది మంచి పని" అని ఒక్క మాట అని, నమ్మకమున్న టీచరు దగ్గరికి తీసుకుపోవాలి, లేదా పిల్లల సహాయ నంబరు 1098కు ఫోన్ చేయాలి. అక్కడినుంచి అది 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు చేరాలి, తెలిసీ చెప్పకపోవడం పెద్దవాళ్ళకు నేరం. మేడమ్ ఆ నంబరును స్నానాల గదుల దగ్గర, ఎవరూ చూడకుండా చదువుకునే చోట రాయించారు. చచ్చిపోవాలనిపిస్తోందని ఒక పిల్లాడు స్నేహితుడికి చెప్పినా ఇదే పద్ధతి. ఆ రహస్యాన్ని దాచకుండా పెద్దవాళ్ళకు చెప్పడం స్నేహద్రోహం కాదని పిల్లలకు ముందే చెప్పాలి.

ఇంకొన్ని హద్దులు కూడా పెట్టాం. కమిటీ పిల్లలు రాత్రి కాపలా కాయరు. వంట చేయరు. సిబ్బంది గురించి నాకు చాడీలు మోయరు, పిల్లల గురించి సిబ్బందికి మోయరు. పరీక్షల ముందు పనులు మారుతాయి. పెద్దవాళ్ళు చేయాల్సిన పనిని పిల్లల మీదికి నెట్టి దానికి నాయకత్వ శిక్షణ అని పేరు పెట్టడం అన్యాయం. నర్సు పోస్టు ఖాళీగా ఉంటే ఆరోగ్య సభ్యుడు దాన్ని భర్తీ చేయలేడు. అతని నోటు పుస్తకాన్ని ఆ పోస్టు అడగడానికి సాక్ష్యంగా వాడుకోవాలి. నేను వాడుకున్నాను.

పదో తరగతి తర్వాత

మా కమిటీలో పనిచేసిన పిల్లలు పదో తరగతి దాటి భద్రాచలం, కొత్తగూడెం, ఖమ్మం కాలేజీలకు పోతారు. అక్కడ వాళ్ళకు ఒక వింత ఎదురవుతుంది. పదమూడేళ్ళ వయసులో ఓటు వేసి ఎన్నుకున్న కమిటీ ఉండేది, పద్దెనిమిదేళ్ళకు ఓటరు కార్డు వచ్చాక కాలేజీలో ఎన్నికైన సంఘం లేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1980ల చివర విద్యార్థి సంఘ ఎన్నికలు ఆగిపోయాయి. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో మాత్రం ఎన్నికలు జరుగుతున్నాయి. విద్యార్థి సంఘ ఎన్నికలపై లింగ్డో కమిటీ చేసిన సిఫార్సులను సుప్రీంకోర్టు 2006లో ఆమోదించింది. అభ్యర్థి ఖర్చు 5,000 రూపాయలు మించకూడదు, హాజరు 75 శాతం ఉండాలి, నేరచరిత్ర ఉండకూడదు అంటూ ఎన్నికలు సజావుగా జరిపే దారి చూపింది. దారి ఉన్నా నడిచేవాళ్ళు తక్కువ.

సంఘం లేని చోట అత్యవసరం వస్తే ఏమవుతుందో మా పాత విద్యార్థులు చెబుతుంటారు. హాస్టల్లో నీళ్ళు ఆగితే ఎవరు మాట్లాడాలో తెలియదు. ఎవరు మాట్లాడినా "నిన్నెవరు ఎన్నుకున్నారు?" అంటారు. దాంతో నీళ్ళ సంగతి ధర్నా దాకా పోతుంది. ఎన్నికైన ప్రతినిధి ఉంటే అదే విషయం ఒక ఉత్తరంతో, ఒక గడువుతో తేలిపోయేది. గొడవలకు భయపడి ఎన్నికలు ఆపారు. మాట్లాడే మనిషి లేకుండా పోయాక గొడవ ఒక్కటే మిగిలింది.

కొత్తగా వార్డెన్ బాధ్యత తీసుకునే టీచర్లకు నేను చెప్పదలచింది మూడు పనులు. పిల్లలతో కూర్చుని ఎవరు ఏం చేయొచ్చో ముందే రాసుకోండి, అంకెలతో రాసుకోండి. రాత్రి తీసుకున్న ప్రతి నిర్ణయాన్నీ మర్నాడు అందరి ముందు చెప్పించండి, చెప్పినవాడిని కాపాడండి. కమిటీ రాసిన ప్రతి ఉత్తరానికీ గడువులోపు రాతపూర్వకంగా జవాబు ఇవ్వండి, పైనుంచి రావాల్సిందైతే తెప్పించండి. శాఖను నేను కోరేది ఒక్కటే. తనిఖీకి వచ్చిన అధికారి గోడ మీది పేర్లు చదవడం మాని కమిటీ మినిట్స్ పుస్తకం తెరిచి, పిల్లలు అడిగినవాటిలో ఎన్నింటికి జవాబు వచ్చిందో చూడాలి.

ఇందుకు బడ్జెట్ అక్కర్లేదు, ఉత్తర్వులు అక్కర్లేదు. ఒక ఆదివారం, మూడు చార్టులు, పిల్లల మాట వినే మనసు చాలు. ఆ ఆదివారాన్ని జూలైలో ఎన్నికల దాకా కూడా వాయిదా వేయకండి. నిరుటి కమిటీ పిల్లలతోనే జూన్‌లో బడి తెరిచిన మొదటి వారంలో కూర్చోండి. చర్లలో పాములు తొలి వానకే బయటికొస్తాయి.